గుమ్మంలో నిలబడే ఉద్యోగం

హోటల్ జనరల్ మేనేజరు ఎక్కడ ఉంటారని అడిగితే చాలామంది ఏసీ గదిని, తిరిగే కుర్చీని ఊహించుకుంటారు. నేను ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కుర్చీలో ఎక్కువగా కూర్చున్నది నా చేతిసంచి. నేను గుమ్మంలో నిలబడ్డాను. హోటలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ వస్తూ ఉండే ఇల్లు. వచ్చినవాళ్ళ మొహం చూసి వాళ్ళకేం కావాలో పట్టుకోవడమే ఆ ఉద్యోగం. మిగిలినవన్నీ మనుషుల్ని పెట్టి చేయించుకోవచ్చు.

మా చర్చి సంఘంలో ఇప్పుడు హోటల్ మేనేజ్‌మెంటు చదివే ఆడపిల్లలున్నారు. కొందరు విజయవాడలో, హైదరాబాదులో పెద్ద హోటళ్ళలో చేరారు కూడా. ఆరాధన అయ్యాక మందిరం వరండాలో చెప్పులు వెతుక్కుంటూ అడుగుతుంటారు: "ఆంటీ, రిసెప్షన్ దాకా బానే రానిస్తన్నారు. ఆ పైకి ఎట్టా వెళ్ళాలి?" మంచి ప్రశ్నే, కానీ చెప్పులు దొరికేలోపు చెప్పగలిగే జవాబు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ పదవి వచ్చిందో రాయను. అది పీఎఫ్ కాగితాలకి తప్ప ఎవరికీ పనికిరాదు. మందిరంలో సాక్ష్యం చెప్పేటప్పుడు పాటించే నియమమే ఇక్కడా పాటిస్తాను. జరిగింది చెప్పాలి, నన్ను నేను పెంచుకోకూడదు.

పిలవని చోటికి వెళ్ళడం

మాది జగ్గయ్యపేట. హోటలు నందిగామలో, హైవే మీద. ఓనరు గుప్తా గారిదీ మా ఊరే. అక్కడ వాళ్ళకి తాతలనాటి కిరాణా హోల్‌సేలు ఉంది. హోటలు మాత్రం ఆయన ముచ్చటపడి కట్టించుకున్నది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చే ఇంజనీర్లు, పెనుగంచిప్రోలు అమ్మవారి మొక్కుకి వచ్చే కుటుంబాలు, కీసర టోల్‌గేటు దాటాక ఆకలి గుర్తొచ్చే కార్లవాళ్ళు మాకు వారమంతా ఉండే గిరాకీ. కానీ హోటలు నిలబడింది పెళ్ళిళ్ళ మీద. పై అంతస్తులో హాలు, కింది గదుల్లో మగపెళ్ళివారికి విడిది.

హోటళ్ళలో ఆడవాళ్ళకి మామూలుగా రెండు చోట్లు ఇస్తారు: నవ్వుతూ నిలబడే చోటు, దుప్పట్లు మడతపెట్టే చోటు. రెండూ గౌరవమైన పనులే. కానీ మనం అక్కడే ఉండిపోతే వాళ్ళూ అక్కడే ఉంచేస్తారు. పైకి వెళ్ళాలంటే వంటగది, సరుకుల స్టోరు, జనరేటరు గది తెలియాలి. ఆ మూడింటికీ నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను.

ఒకసారి సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళ మీటింగు మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. ఎలక్ట్రీషియను దాని ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. నేను టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"మేడమ్, మీరు బయటికెళ్ళండి. షాకు కొడుద్ది."

"నాకు కొట్టే షాకు నిన్నొదిలేసుద్దా?"

"నాకలవాటండీ."

"అయితే నాకూ అలవాటు చెయ్యి."

అతను నవ్వేశాడు. డీజిల్ పైపులో గాలి చేరితే ఎలా తీయాలో చూపించాడు. నా చేతులు, చీర కుచ్చిళ్ళు నల్లగా అయ్యాయి. ఆ నల్ల చేతులతో వంటగదిలోకి వెళ్ళి సబ్బు అడిగిన రోజు నుంచే వంటమాస్టరు నాతో నిజం మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతకుముందు "అంతా ఓకే మేడమ్" తప్ప ఇంకో మాట అతని నోట వినలేదు. అమ్మాయిలూ, ఇంగ్లీషు నేర్చుకోండి, కంప్యూటరు నేర్చుకోండి, వద్దనను. కానీ మీ కింద పనిచేసేవాళ్ళు మీకు చెడువార్త చెప్పడానికి భయపడకుండా చేసుకోండి. మేనేజరుకి అంతకంటే పెద్ద చదువు లేదు.

ఆదివారం సంగతి కూడా అడుగుతారు. నేను గుప్తా గారిని ఆదివారం ఉదయం ఆరాధన వేళ ఒక్కటే అడిగాను. దానికి బదులుగా దసరా, దీపావళి, ఉగాది అన్నీ నేనే డ్యూటీ చేశాను. మిగతావాళ్ళు వాళ్ళ పిల్లలతో పండగ చేసుకున్నారు. దేవుని పేరుతో సెలవు అడిగేవాళ్ళు పక్కవాళ్ళ పండగ బరువు మొయ్యడానికి కూడా ముందుండాలి. లేకపోతే మన భక్తి వాళ్ళకి బద్ధకంలా కనిపిస్తుంది.

విడిది మర్యాదలు

పెళ్ళి విడిది నడపడం ఏ కోర్సులోనూ చెప్పరు. గది శుభ్రంగా ఉంటే చాలనుకుంటారు. మగపెళ్ళివారు గదిని చూడరు, వరసని చూస్తారు. ఎవరికి ముందు కాఫీ వెళ్ళింది, ఎవరి గది లిఫ్టు పక్కన ఉంది, ఎవరికి కొత్త తువ్వాలు వచ్చింది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు పెద్దబావ తలుపేసుకుని కూర్చున్నాడు. టిఫిను కెమెరామన్‌కి ముందు, తనకి తర్వాత వెళ్ళిందట. ఆడపెళ్ళివారు తలుపు దగ్గర బతిమాలుతున్నారు, ఏమైందని అడుగుతున్నారు. అలిగినవాణ్ణి కారణం అడగకూడదు, కారణం చెప్పుకుంటే చిన్నబోతాడు. నేను వంటమాస్టరు చేత మళ్ళీ వేడిగా గారెలు వేయించి, ప్లేటు నేనే పట్టుకెళ్ళాను.

"బాబుగారూ, తప్పు మాదేనండి. మీకు చల్లారిన గారెలు పంపలేక ఆపా. ఇవి చూడండి."

తలుపు తెరుచుకుంది. "మీరు కాబట్టి తింటున్నా," అన్నాడాయన, మొహం ఇంకా అటే పెట్టుకుని.

ఇలాంటివి ఆడవాళ్ళం ఇళ్ళలో పుట్టినప్పటి నుంచి చూస్తాం. మగవాడు చేస్తే దీన్ని గెస్ట్ రిలేషన్స్ అంటారు, జీతం పెంచుతారు. మనం చేస్తే సహజగుణం అంటారు. నాకు తెలిసినంతలో ఇది అన్యాయమే.

మా హోటల్లో గుప్తా గారు పెట్టిన ఒక పద్ధతి ఉంది. మగపెళ్ళివారి బస్సు గేటులోకి రాగానే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్తారు. గుమ్మంలో మేనేజరు నిలబడి, పన్నీరు చల్లి, మగపెళ్ళివారి పెద్దావిడ చేతికి విడిది తాళంచెవి ఇవ్వాలి. ఆ ఫొటో తీయిస్తారు. మా హోటలుకి పేరొచ్చింది దానివల్లే. నాకు జనరల్ మేనేజరు ఉద్యోగం చాలా కాలం రాకపోవడానికి కారణం కూడా అదే.

నా నుదురు

మేము విశ్వాసులం. నేను బొట్టు పెట్టుకోను, పూలు, గాజులు వాడను. మా ఆయన బస్సు డ్రైవరు. ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు, దేవుని కృప. కానీ పట్టుచీరల మేళంతో వచ్చే వాళ్ళ కంటికి బోసి నుదురు ఒక్కటే కనిపిస్తుంది. దాని అర్థం వాళ్ళకి ఒక్కటే.

పాత మేనేజరు వెళ్ళిపోయాక పనంతా నా మీదే పడింది. మెనూ నేను, గదులు నేను, గొడవలు నేను. తాళంచెవి ఇవ్వడానికి మాత్రం గుప్తా గారు జగ్గయ్యపేట షాపులో బెల్లం తూకం చూసే తమ్ముడి కొడుకుని కార్లో రప్పించేవారు. పాపం ఆ అబ్బాయికి వచ్చినవాళ్ళెవరో తెలియదు. ఒక పెళ్ళిలో అందరికంటే మంచి పట్టుచీర కట్టుకున్నావిడ చేతిలో తాళం పెట్టి నమస్కారం చేశాడు. ఆవిడ బ్యూటీషియను. పెళ్ళికొడుకు తల్లి మధ్యాహ్నం దాకా పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు.

అప్పుడు గుప్తా గారు నన్ను పిలిచారు. మంచి మనిషే, మాట మెత్తన.

"అమ్మా కరుణా, లోపలి పనిలో నీకు వంక పెట్టేవాడు లేడు. గుమ్మం దగ్గరే చిక్కు. ఒక స్టిక్కరు పెట్టుకో. మేళం వెళ్ళిపోయాక తీసి అద్దానికి అంటించు. మీ దేవుడేమన్నా చూస్తా కూర్చుంటాడా?"

"చూస్తాడనేగా సార్, మీ స్టోరు తాళాలు నా దగ్గర పెట్టి మీరు నిశ్చింతగా నిద్రపోతన్నారు."

ఆయన గట్టిగా నవ్వారు. "నోరుందమ్మా నీకు," అన్నారు. గుమ్మం మాత్రం ఇవ్వలేదు.

సంఘంలో కొందరు అక్కలు, "ఆ ఉద్యోగం మానెయ్యి, వాళ్ళ ఆచారాల మధ్య నీకెందుకు?" అన్నారు. మా పాస్టరు అయ్యగారు అలా అనలేదు. "బొట్టు పెట్టుకోకపోవడం పెద్ద కష్టం కాదమ్మా. పెట్టుకున్నవాళ్ళని తక్కువగా చూడకుండా ఉండటం కష్టం. అది చెయ్యగలిగితే అక్కడే ఉండు," అన్నారు. నేను ఉన్నాను. ప్రతి రోజూ బస్సెక్కే ముందు అదే ప్రార్థన చేసుకున్నాను.

సరళ

ఆ రోజుల్లో నాకు కుడిచెయ్యి సరళ. కీసర అమ్మాయి. పెళ్ళయిన కొద్దికాలానికే హైవే మీద యాక్సిడెంటులో భర్త పోయాడు. హౌస్‌కీపింగులో చేరి, చురుకుదనం వల్ల ఫ్రంట్ ఆఫీసుకి వచ్చింది. ఫోనులో ఎంత కోపంగా ఉన్న మనిషినైనా నవ్వించేది. కానీ ఒక అలవాటు ఉండేది. మేళం చప్పుడు గేటు దగ్గర వినపడగానే మాయమయ్యేది. మొదట్లో పని ఎగ్గొడుతోందని అనుకున్నాను. ఒకరోజు వెతుక్కుంటూ వెళ్తే బట్టల గదిలో, అలమరాల మధ్య నిలబడి ఉంది.

"ఇక్కడేం చేస్తన్నావే?"

"దిండు గలీబులు లెక్కపెడతన్నా మేడమ్."

"పొద్దున్నేగా లెక్కపెట్టావు?"

చేతిలో గలీబు మడత విప్పి మళ్ళీ పెడుతూ చెప్పింది. "ఎవరో అనేదాకా ఎందుకు మేడమ్? నేనే వెళ్ళిపోతే వాళ్ళకీ బాగుంటది, నాకూ బాగుంటది."

ఆమెను గుమ్మం నుంచి వెళ్ళమని హోటల్లో ఎవరూ చెప్పలేదు. అలాంటి నియమం ఎక్కడా లేదు. అందుకే దాన్ని మార్చడానికి కూడా ఎవరికీ దారి లేదు. మన ఆడవాళ్ళు చాలామంది పైకి రాకపోవడానికి ఇలాంటి బట్టల గదులే కారణం. పై అధికారి తోసేదాకా ఆగకుండా మనమే వెళ్ళి నిలబడే గదులు.

ఖమ్మం బస్సు

కొన్నాళ్ళకి ఒక మిర్చి వ్యాపారి గారి కూతురి పెళ్ళి కుదిరింది. పెద్ద పెళ్ళి. గుప్తా గారు తేల్చి చెప్పారు: "తాళం ఈసారి నువ్వే ఇవ్వు. ఎవరూ ఒక్క మాట అనకుండా జరిగితే జనరల్ మేనేజరు బోర్డు మీద నీ పేరు రాయిస్తా. ఎవరన్నా అన్నారనుకో, హైదరాబాద్ నుంచి మనిషిని తెచ్చుకుంటా. తర్వాత నన్ను అనుకోవద్దు."

"సరే సార్," అన్నాను. ఆ రోజు పొద్దున సరళని పిలిచి, పన్నీరు బుడ్డి ఆమె చేతికిచ్చాను.

"నేనా? వద్దు మేడమ్. మీ ఉద్యోగం పోద్ది."

"విడిది సర్దింది నువ్వు. ఎవరిది ఏ గదో చెప్పాల్సింది నువ్వు. గుమ్మంలో ఉండటం నీ డ్యూటీ."

మగపెళ్ళివారు ఖమ్మం వైపు వాళ్ళు. బస్సు ఆగింది, మేళం మొదలైంది. అందరికంటే ముందు పెళ్ళికొడుకు మేనత్త నడిచి వచ్చింది. బలమైన మనిషి, చేతినిండా గాజులు. మెట్టు ఎక్కబోయి మా ఇద్దరి నుదుళ్ళూ చూసి ఆగిపోయింది. చెయ్యెత్తితే మేళం ఆగింది.

"ఏందిది? శుభమాని వస్తే గుమ్మంల ఇసొంటోళ్ళని ఇద్దర్ని నిలబెట్టిన్రు?" అంది ఆడపెళ్ళివారి వైపు తిరిగి. పెళ్ళికూతురి తండ్రి మొహం వాడిపోయింది.

గుప్తా గారు నా వెనక నుంచి గొణిగారు: "మీ ఆయన ఉన్నాడని చెప్పమ్మా. క్రైస్తవులం, అందుకే బొట్టు లేదని చెప్పు. అయిపోద్ది."

నిజమే, అయిపోయేది. అబద్ధం కూడా కాదు. నోటి చివరిదాకా వచ్చింది. అంతలో పక్కన సరళ పన్నీరు బుడ్డి బల్ల మీద పెట్టి అరడుగు వెనక్కి వేసింది. ఆ మాట నేను చెబితే గుమ్మంలో నేను మిగులుతాను. సరళ బట్టల గదికి వెళ్తుంది, ఇంక ఎప్పటికీ బయటికి రాదు. నా భర్త బతికి ఉండటం దేవుడు నాకిచ్చిన దయ. దాన్ని ఇంకొకరి మీద రాయిలా ఎలా విసరను? లోపలే "ప్రభువా" అనుకుని, సరళ చెయ్యి పట్టుకుని మళ్ళీ నా పక్కన నిలబెట్టాను.

"రండమ్మగారూ. ఎండన పడి వచ్చారు. మీకు మోకాళ్ళ నొప్పులని విని లిఫ్టు పక్క గది ఈ అమ్మాయి మీ కోసమే ఉంచింది."

"గదుల సంగతి గాదు. నీ పెనిమిటి ఉన్నడా, లేడా?"

"అది గుమ్మంలో అడిగేది కాదమ్మా. మా పని మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళటం. ఇద్దరం ఇక్కడే ఉంటాం."

సన్నాయి ఆయన అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు బస్సు పక్క నుంచి ఒకావిడ మెల్లగా ముందుకు వచ్చింది. లేతరంగు చీర, మెడలో ఏమీ లేదు. అందరూ దిగి మేళం వెంట వస్తే ఆవిడ ఒక్కతే బస్సు నీడలో ఆగిపోయింది. ఆవిడ పెళ్ళికొడుకు తల్లి. కొడుకు పెళ్ళికి వచ్చి, ఎదురు రాకూడదని తనే వెనక నిలబడింది.

"ఒదినె, నా కాళ్ళు గుంజుతున్నయ్. లోపలికి పోదాం," అంది మేనత్తతో. తర్వాత సరళ వైపు తిరిగింది. "నాది ఏ గది బిడ్డా?"

నేను తాళంచెవి సరళ చేతిలో పెట్టాను. సరళ ఆవిడ చేతిలో పెట్టింది. బుడ్డి తీసి చల్లిన పన్నీరు సగం ఆవిడ మీద, సగం నా మీద పడింది. మేళం మళ్ళీ మొదలైంది. మేనత్త గొణుక్కుంటూ వెనకాలే వచ్చింది, లిఫ్టు పక్క గదిలోకే వెళ్ళింది.

బోర్డు

పెళ్ళి బాగా జరిగింది. కానీ మాట పడింది కదా. గుప్తా గారు మాట మీద నిలబడే మనిషి.

"ఒక్క ముక్క చెప్తే పోయేదిగదమ్మా," అన్నారు బాధగా.

"ఆ ఒక్క ముక్కకి సరళ పోయేదండి."

హైదరాబాద్ నుంచి ఒక జనరల్ మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. కానీ పెళ్ళికొడుకు బావ అలిగి తలుపేసుకుంటే, తలుపు తట్టి చెకౌట్ టైము గుర్తుచేసేవాడు. నాకు బాధ లేదని చెప్పను. ఉంది. మందిరంలో పాట పాడుతూ మధ్యలో ఆగిపోయిన ఆదివారాలున్నాయి. అయినా ఒక మార్పు వచ్చింది. మేళం వినపడితే సరళ బట్టల గదికి వెళ్ళడం మానేసింది. ఎవరూ రమ్మనకపోయినా వచ్చి రిసెప్షన్ దగ్గర నా పక్కన నిలబడేది.

మరుసటి పెళ్ళిళ్ళ కాలంలో ఒకరోజు గుప్తా గారి ఫోను మోగింది. ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడతారు. ఖమ్మం నుంచి ఆ పెళ్ళికొడుకు తల్లి. కూతురికి విజయవాడ సంబంధం కుదిరిందట, నందిగామ ఇద్దరికీ మధ్యలో ఉంటుందని మా హాలు అడుగుతోంది.

"మరి గుమ్మంల ఆ ఇద్దరు ఆడోళ్ళు ఉంటరా?" అంది.

గుప్తా గారు కంగారుపడ్డారు. "లేదమ్మా, అప్పుడు జరిగిందానికి ఏమనుకోవద్దు. మార్చేశాం. ఇప్పుడు హైదరాబాద్ నుంచి పెద్ద మేనేజరుని..."

"అట్లనా? అయితే మేం వేరే జాగ చూసుకుంటం."

"అదేంటమ్మా?"

"నా బిడ్డ పెండ్లికి నేను గుమ్మంల నిలబడాలె. వాళ్ళుంటెనే నిలబడగలుగుత."

గుప్తా గారు ఆ ఇద్దరే ఉంటారని మాటిచ్చి, ఫోను పెట్టేసి బల్ల మీది గాజుపలకని చేత్తో తుడిచారు. చివరికి నా వైపు చూసి, "మొత్తానికి మీ దేవుడు చూస్తానే కూర్చున్నాడమ్మా," అన్నారు. ఆ పెళ్ళిలో గుమ్మంలో మేం ముగ్గురం నిలబడ్డాం. ఆ తర్వాత బోర్డు మీద నా పేరు వచ్చింది. రిటైరయ్యేదాకా ఉంది.

ఇది మంచితనానికి వచ్చిన బహుమతి అని పిల్లలకి చెప్పను. ఆ ఫోను రాకపోతే ఆ బోర్డు రాకపోయేది. రాకపోయినా నేను గుమ్మంలో చేసింది మారేది కాదు. పైకి వెళ్ళే దారిలో మిమ్మల్ని ఒక్కర్ని లోపలికి రానిస్తామని, పక్కనున్నామెను వదిలెయ్యమని అడిగేవాళ్ళు తగులుతారు. చాలా మెత్తగా, మీ మేలు కోరే అడుగుతారు. అప్పుడు ఏం చెయ్యాలో ముందే మోకాళ్ళ మీద ఉండి తేల్చుకోండి. గుమ్మంలో ఆలోచించుకునే తీరిక ఉండదు.

సరళ ఒకసారి నన్ను అడిగింది, "మేడమ్, నేను బొట్టు పెట్టుకోనా?" అని. ఆమె కూడా ప్రభువుని నమ్ముకోవాలని నేను రోజూ ప్రార్థన చేస్తాను, ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా, "నీ నుదురమ్మా, నీ ఇష్టం," అన్నాను. ఇప్పుడు చిన్న ఎర్రబొట్టు పెట్టుకుంటుంది.

మొన్న మా పాత వంటమాస్టరు కూతురి పెళ్ళికి అదే హోటలుకి వెళ్ళాను. ఈసారి అతిథిగా. బోర్డు మీద జనరల్ మేనేజరు అన్న మాట పక్కన సరళ పేరు ఉంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. అంతలో గేటు దగ్గర మేళం మొదలైంది. అలవాటు కొద్దీ నేను బట్టల గది వైపు చూశాను. తలుపుకి తాళం వేసి ఉంది. దాని తాళంచెవి గుత్తిలో వేలాడుతుంటే, సరళ నడుముకి ఆ గుత్తి సర్దుకుని, పన్నీరు బుడ్డి తీసుకుని గుమ్మంలోకి నడిచింది.